ఆస్పిరిన్ మాత్రలతో నీలి రంగు రాగి లవణం తయారు చేయడం ఎలా?

తలనొప్పికి వేసుకునే ఆస్పిరిన్ తెల్లటి మాత్ర. తోటలకు కొట్టే బోర్డో మిశ్రమంలో కలిపే మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, నీలం పలుకులు. ఈ రెండూ సరిగ్గా కలిస్తే గ్లాసు అడుగున మరో నీలం పేరుకుంటుంది. మైలుతుత్తంలాగా నీళ్లలో కరిగిపోయే నీలం కాదిది. నీళ్లకు లొంగని, చిక్కటి, కాస్త మెరుపున్న నీలం. దీని పేరు కాపర్ ఆస్పిరినేట్. సరుకు సిద్ధంగా ఉంటే ఇంటర్ కెమిస్ట్రీ తెలిసినవాళ్లు ఒక మధ్యాహ్నంలో చేయగలరు, ఆరడానికి పట్టే రోజులు వేరు. పెద్ద ల్యాబు, ఖరీదైన సామాను అవసరం లేదు. కావలసింది ఓపిక, శుభ్రత, ఒక చిన్న తూకం మిషన్.

మొదలుపెట్టే ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. ఆస్పిరిన్ రసాయన నామం ఎసిటైల్ శాలిసిలిక్ ఆమ్లం. శాలిసిలిక్ ఆమ్లానికి ఎసిటైల్ అనే చిన్న ముక్క అతికించి దీన్ని తయారుచేస్తారు. శుద్ధమైన రూపంలో దీన్ని 1897లో జర్మనీలోని బేయర్ కంపెనీలో ఫెలిక్స్ హాఫ్‌మన్ తయారుచేశాడు. 1899లో ఆస్పిరిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ ఎసిటైల్ అతుకు అంత గట్టిది కాదు. వేడి తగిలినా, గాఢమైన క్షారం తగిలినా, చెమ్మలో చాలాకాలం ఉన్నా ఊడిపోతుంది. ఊడితే మిగిలేది శాలిసిలిక్ ఆమ్లం, వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లం. అప్పుడు రాగితో కలిపితే వచ్చే రంగు ఆకుపచ్చ వైపు పోతుంది. కాబట్టి ఈ పని మొత్తంలో మీ గురి ఒక్కటే: ఆ అతుకు ఊడకుండా చూడటం. కింద చెప్పే జాగ్రత్తల్లో సగం దాని కోసమే. చివర్లో వచ్చిన రంగు చూసి మీరు ఎంతవరకు నెగ్గారో మీకే తెలిసిపోతుంది.

ఏ మాత్రలు కొనాలి

నొప్పి మాత్రలన్నీ ఇందుకు పనికిరావు. పారాసెటమాల్‌తో ఇది కాదు. రాగిని పట్టుకోవాలంటే అణువులో కార్బాక్సిలిక్ ఆమ్ల భాగం ఉండాలి, పారాసెటమాల్‌లో అది లేదు. ఐబుప్రొఫెన్‌లో ఉంది, దానితోనూ రాగి లవణం వస్తుంది కానీ ఇక్కడి కొలతలు దానికి సరిపోవు. ఆస్పిరిన్‌తోనే మొదలుపెట్టండి.

ఆస్పిరిన్‌లోనూ మూడు రకాలు దొరుకుతాయి. ఏ పూతా లేని సాదా మాత్ర దొరికితే అంతకన్నా మంచిది లేదు. గుండె జబ్బు ఉన్నవాళ్లకు రాసే 75, 150 మిల్లీగ్రాముల మాత్రలకు ఎక్కువగా పైన ఒక పూత ఉంటుంది. మాత్ర కడుపులో కాకుండా పేగుల్లోకి వెళ్లాక కరగాలని వేసిన పూత అది. మనం వాడే సోడాలో అదీ కరిగి ద్రావణాన్ని జిగురు చేస్తుంది. ఇక నీళ్లలో వేయగానే బుసబుస పొంగే రకం. అందులో కాల్షియం కార్బొనేట్, సిట్రిక్ ఆమ్లం కలిపి ఉంటాయి. కాల్షియం, మైలుతుత్తంలోని సల్ఫేట్‌తో కలిసి తెల్లటి జిప్సం అవుతుంది. సిట్రిక్ ఆమ్లం రాగిని తన దగ్గరే పట్టి ఉంచుతుంది. రెండూ మన పనికి అడ్డమే.

బుసబుస రకమే దొరికిందనుకోండి, ముందు శుద్ధి చేసుకోవచ్చు. మాత్రలను పొడిగా నూరి, 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 50 మిల్లీలీటర్లలో వేసి పది నిమిషాలు కలపండి. నీళ్లు కలిసిన శానిటైజర్ రకం ఆల్కహాల్ వద్దు, నీళ్లు తగిలితే మాత్ర పొంగడం మొదలవుతుంది. ఆస్పిరిన్ ఆల్కహాల్‌లో కరుగుతుంది, కాల్షియం కార్బొనేట్, పిండి పదార్థం అడుగున ఉండిపోతాయి. వడకట్టిన తేటను వెడల్పాటి గాజు పళ్లెంలో పోసి, కిటికీలు తెరిచి ఆరనివ్వండి. ఆ గదిలో గ్యాస్ పొయ్యి, అగరుబత్తి, దీపం ఏదీ వెలగకూడదు. ఆరాక మిగిలిన తెల్ల పలుకులను ఫ్రిజ్‌లో పెట్టిన చల్లటి నీళ్లు కొద్దిగా పోసి ఒకసారి కడిగితే సిట్రిక్ ఆమ్లం వెళ్లిపోతుంది. ఆస్పిరిన్ చల్లటి నీళ్లలో లీటరుకు రెండు మూడు గ్రాములకు మించి కరగదు కాబట్టి నష్టం పెద్దగా ఉండదు.

కాలేజీ ల్యాబులో చేసేవాళ్లకు ఈ తిప్పలేమీ లేవు. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో ఎసిటైల్ శాలిసిలిక్ ఆమ్లం పొడిగానే దొరుకుతుంది.

మాత్రలు కొన్నాక స్ట్రిప్పు చింపి ఒకటి వాసన చూడండి. వెనిగర్ వాసన గుప్పుమంటే అవి పాడైనట్టే. వేరేవి తెచ్చుకోండి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుము లవణం ఉంది. సర్క్యూట్ బోర్డుల మీద రాగిని కరిగించడానికి వాడేది ఇదే. ఎలక్ట్రానిక్ విడిభాగాల షాపుల్లో అడగండి, హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ వైపు వెళ్లండి. మాత్ర పొడి చిటికెడు నీళ్లలో కలిపి ఒక్క చుక్క బాగా పలచన చేసిన ఫెర్రిక్ క్లోరైడ్ వేయండి. ముదురు ఊదా రంగు వచ్చిందంటే శాలిసిలిక్ ఆమ్లం చేరిపోయినట్టు. ఇంటర్ ప్రాక్టికల్స్‌లో ఫీనాల్‌ని గుర్తుపట్టే పరీక్షే ఇది. మంచి ఆస్పిరిన్‌కు లేత పసుపు రంగే మిగులుతుంది, లేదా ఊదా ఛాయ లీలగా కనిపిస్తుంది.

మిగతా సరుకు

మైలుతుత్తం ఎరువులు, పురుగుమందుల షాపులో దొరుకుతుంది. తోటకు కొట్టే సరుకులో ఇనుము, మట్టి కొంత ఉంటాయి. పైన ఫెర్రిక్ క్లోరైడ్‌తో ఊదా రంగు వచ్చిందే, అదే ఇనుము ఇక్కడా మన నీలాన్ని మురికి చేయగలదు. అందుకని ముందు మైలుతుత్తాన్ని వేడి నీళ్లలో చిక్కగా కరిగించి, వేడిగా ఉన్నప్పుడే వడకట్టి, కదపకుండా రాత్రంతా వదిలేయండి. పొద్దున్నకి అడుగున శుభ్రమైన నీలి స్ఫటికాలు కడతాయి. పైనున్న నీళ్లు వేరే సీసాలోకి వంపి, స్ఫటికాలను కాగితం మీద ఆరబెట్టండి. ఈ ఒక్క పనికి రెండు రోజులు పట్టినా నష్టం లేదు. చివరి రంగులో తేడా కంటికి కనపడుతుంది.

తినే సోడా, అంటే వంటింట్లో ఉండేదే, సోడియం బైకార్బొనేట్. ఇక్కడ కాస్టిక్ సోడా వాడొద్దు. అంత గాఢమైన క్షారం తగిలితే ఎసిటైల్ ముక్క ఊడిపోతుంది.

నీళ్లు ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ అయితే మంచిది. బోరు నీళ్లు వద్దు, అందులోని కాల్షియం, ఇనుము మళ్లీ మొదటికే తెస్తాయి.

ఇవి కాక రెండు గాజు బీకర్లు లేదా మళ్లీ వంటకు వాడని గాజు గ్లాసులు, గరాటు, ఫిల్టర్ పేపర్లు, గాజు కడ్డీ, బంగారం షాపుల్లో వాడే రకం చిన్న డిజిటల్ తూకం. వంటింటి తూకం గ్రాము కంటే తక్కువ చూపించదు, అది చాలదు. అల్యూమినియం, ఇనుప గిన్నెలు దగ్గరికే రానివ్వకండి. రాగి ద్రావణం వాటిని తినేస్తుంది. రబ్బరు గ్లౌజులు, కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. మైలుతుత్తం కంట్లో పడితే చాలా ప్రమాదం, కడుపులోకి పోతే విషం. పిల్లలున్న ఇంట్లో ఆ నీలం పలుకులు పటికబెల్లంలా కనపడతాయి, తాళం వేసే చోట పెట్టండి.

కొలతలు

325 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఉన్న మాత్రలు 12. అంటే అసలు మందు 3.9 గ్రాములు. మాత్ర బరువు అంతకంటే ఎక్కువ ఉంటుంది, అందులో పిండి కూడా కలిసి ఉంటుంది కాబట్టి మాత్రల బరువు చూసి లెక్క వేయకండి, స్ట్రిప్పు మీద రాసింది చూడండి. శుద్ధి చేసిన పొడి అయితే 3.9 గ్రాములు తూచండి.

తినే సోడా 1.68 గ్రాములు. మైలుతుత్తం స్ఫటికాలు 2.5 గ్రాములు.

ఈ అంకెలు ఎక్కడివంటే, ఒక రాగి అయానుకు రెండు ఆస్పిరిన్‌లు కావాలి. 2.5 గ్రాముల మైలుతుత్తం అంటే 10 మిల్లీమోల్‌లు (అణువుల సంఖ్యను లెక్కపెట్టే కొలత). దానికి ఆస్పిరిన్ 20 మిల్లీమోల్‌లు, అంటే 3.6 గ్రాములు, సోడా కూడా 20 మిల్లీమోల్‌లే. మనం ఆస్పిరిన్ 0.3 గ్రాములు కావాలనే ఎక్కువ తీసుకున్నాం. సోడా మిగిలిపోతే అది రాగిని కార్బొనేట్‌గా దించేస్తుంది, మన నీలంలో పాచి రంగు కలుస్తుంది. ఆస్పిరిన్ మిగిలితే ఏ ఇబ్బందీ లేదు, వడకట్టి తీసేయొచ్చు. సోడా కొంచెం తగ్గినా పర్వాలేదు, ఎక్కువైతే మాత్రం పని చెడుతుంది.

సోడాతో కలపడం

మాత్రలను కల్వంలో మెత్తగా నూరండి. పొడిని బీకర్లో వేసి 60 మిల్లీలీటర్ల డిస్టిల్డ్ వాటర్ పోయండి. పొడి తేలుతూ, గోడలకు అంటుకుంటూ ఉంటుంది, కడ్డీతో తడపండి. ఇప్పుడు సోడాను కొద్దికొద్దిగా, ఒక్కో చిటికెడు వేస్తూ కలపండి. కార్బన్ డయాక్సైడ్ పొంగి నురగ వస్తుంది. నురగ దిగాకే తర్వాతి చిటికెడు. ఒక్కసారిగా వేస్తే బీకరు దాటి బల్ల మీదికి వస్తుంది.

ఇక్కడ తొందర పుడుతుంది. కరగడం ఆలస్యమవుతోందని కాస్త వేడి చేద్దామనిపిస్తుంది. చేయకండి. గది వేడి చాలు. మరీ చలికాలం అయితే బీకర్‌ను గోరువెచ్చని నీళ్లున్న గిన్నెలో నిలబెట్టండి, అంతే. అరగంట పట్టినా కలుపుతూనే ఉండండి. నురగ పూర్తిగా ఆగిపోయాక అడుగున కొంచెం తెల్లటి మడ్డి మిగలాలి. అందులో మాత్రలోని పిండి పదార్థం ఉంటుంది, మనం ఎక్కువ వేసిన ఆస్పిరిన్ ఉంటుంది. శుద్ధి చేసిన పొడితో మొదలుపెట్టినవాళ్లకు కూడా కొన్ని రేణువులు మిగిలి ఉండాలి. సోడా మిగల్లేదని అవి చెప్పే సాక్ష్యం. ఒక్క రేణువు కూడా లేకుండా కరిగిపోయిందా, చిటికెడు ఆస్పిరిన్ పొడి ఇంకా వేసి పది నిమిషాలు కలపండి.

ఇప్పుడు వడకట్టాలి. పిండి ఫిల్టర్ పేపర్‌ను మూసేస్తుంది, గంటలు పడుతుంది. అందుకని ముందు బీకర్‌ను కాసేపు కదపకుండా ఉంచి, మడ్డి అడుగుకు చేరాక పై తేటను మెల్లగా పేపర్ మీదికి వంపండి. చివర్లో మడ్డి పోయండి. కింద పడేది నీళ్లలా తేటగా, రంగు లేకుండా ఉండాలి. పొగమంచులా కనిపిస్తే ఇంకో పేపర్‌తో మళ్లీ వడకట్టండి. పిండి దాటిందేమో అని అనుమానమైతే ఒక్క చుక్క పక్కకు తీసి బెటడిన్ వేయండి. నల్లటి నీలం రంగు వస్తే పిండి ఉన్నట్టే.

ఈ తేటే సోడియం ఆస్పిరినేట్ ద్రావణం. దీన్ని రేపటికి ఉంచకండి. నీళ్లలో కరిగి ఉన్న ఆస్పిరిన్ నెమ్మదిగా విడిపోతూనే ఉంటుంది. వెంటనే తర్వాతి పనిలోకి వెళ్లాలి.

నీలం దిగే ఘట్టం

మైలుతుత్తం 2.5 గ్రాములను రెండో బీకర్లో 25 మిల్లీలీటర్ల నీళ్లలో కరిగించండి. దీన్ని వేడి చేసుకోవచ్చు, కానీ పూర్తిగా చల్లారాకే వాడాలి. ఆకాశం రంగులో తేటగా, అవతలి వైపు అక్షరాలు కనపడేలా ఉంటుంది.

ఆస్పిరినేట్ తేటను కలుపుతూ అందులోకి ఈ రాగి ద్రావణాన్ని చుక్కలుగా వదలండి. చుక్క పడిన చోట నీలం మబ్బు కమ్ముతుంది, కడ్డీ తిప్పగానే అది సన్నటి పలుకులుగా విడిపోతుంది. పది పదిహేను చుక్కలకే బీకర్లో వెనక ఏమున్నదీ కనపడదు. రంగు కూడా మారుతుంది: మైలుతుత్తం నీలం పలచన, ఇది నిండు నీలం. రాగి ద్రావణం మొత్తం పోసేదాకా కలపడం ఆపకండి. గబగబా పోసినా లవణం వస్తుంది, కానీ పొడి మరీ మెత్తగా వచ్చి వడకట్టేటప్పుడు చాలా విసిగిస్తుంది. మెల్లగా చేసిందానికి పలుకు పెద్దది, కడగడం తేలిక, ఎండాక మెరుపు ఎక్కువ.

ఇంత రంగు ఎక్కడిది అంటే, ఇక్కడ రెండు రాగి అయాన్లు దగ్గర దగ్గరగా నిలబడతాయి. నాలుగు ఆస్పిరిన్‌లు నాలుగు వైపుల నుంచీ వంతెనల్లా రెండింటినీ పట్టుకుంటాయి. కాపర్ ఎసిటేట్‌లోనూ ఇదే అమరిక ఉంటుంది. రాగి అయాను తెల్లటి వెలుతురులోంచి ఎరుపు, నారింజ వైపు కిరణాలను మింగేస్తుంది, మిగిలిన నీలం మన కంటికి చేరుతుంది. చుట్టూ ఎవరు పట్టుకున్నారనేదాన్ని బట్టి మింగే కిరణాలు కొంచెం జరుగుతాయి. నీళ్లు పట్టుకుంటే మైలుతుత్తం నీలం, ఆస్పిరిన్ పట్టుకుంటే ఈ నీలం, శాలిసిలేట్ (శాలిసిలిక్ ఆమ్లం అయాను) పట్టుకుంటే ఆకుపచ్చ.

ఆ పచ్చను విడిగా చూడాలని ఉంటే, శాలిసిలిక్ ఆమ్లం చిటికెడు తీసుకుని సోడాతో కరిగించి ఒక చుక్క మైలుతుత్తం నీళ్లు వేయండి. ద్రావణం పచ్చగా తిరుగుతుంది. రెండు గ్లాసులూ పక్కపక్కన పెట్టి ఒకసారి చూస్తే, మీ నీలంలో పచ్చ ఛాయ ఉందో లేదో తర్వాత ఎప్పుడైనా గుర్తుపట్టగలరు. ఈ పోలిక చేసి చూడమనే నా సలహా. అణువులో ఒక చిన్న ముక్క ఉండటానికీ ఊడటానికీ ఉన్న తేడాను ఇంత నేరుగా కంటికి చూపించే ప్రయోగాలు ఇంట్లో చేయగలిగినవి తక్కువ.

కడగడం, ఆరబెట్టడం

బీకర్‌ను పావుగంట వదిలేయండి. నీలం అడుక్కి చేరుతుంది. పై నీళ్లను ఒక సీసాలోకి వంపుకోండి, పారబోయకండి, దాని సంగతి కింద చెబుతాను. 30 మిల్లీలీటర్ల చల్లటి డిస్టిల్డ్ వాటర్ పోసి కలిపి, మళ్లీ దిగనిచ్చి, మళ్లీ వంపండి. ఇలా మూడు సార్లు. తర్వాత ఫిల్టర్ పేపర్ మీదికి తీసుకుని, కింద పడే నీళ్లకు నీలం ఛాయ పోయేదాకా కొంచెం కొంచెం చల్లటి నీళ్లు పోయండి. ఆఖర్న ఒక చెంచా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పోస్తే, మిగిలి ఉన్న ఆస్పిరిన్ ఏమైనా ఉంటే పోతుంది, ఆరడం కూడా త్వరగా అవుతుంది.

పేపర్‌ను విప్పి, పైన ఇంకో పేపర్ కప్పి, ఫ్యాన్ కింద నీడలో ఆరబెట్టండి. డాబా మీద మే నెల ఎండలో పెట్టొద్దు. తడిగా ఉన్నప్పుడు వేడి తగిలితే ఇంతసేపు కాపాడుకున్నది అప్పుడు ఊడుతుంది. ఓవెన్, హెయిర్ డ్రయ్యర్ కూడా వద్దు. వానాకాలం కోస్తా వైపు అయితే రెండు మూడు రోజులు పట్టొచ్చు.

లెక్క ప్రకారం రావలసింది 4.2 గ్రాములు. పేపర్‌కు అంటుకున్నది, నీళ్లలో పోయింది తీసేస్తే అంతకంటే తక్కువే వస్తుంది. తక్కువ వచ్చిందని బాధపడొద్దు, రంగు చూడండి. నిండు నీలం అయితే పని కుదిరింది. నీలిపచ్చగా ఉంటే ఎక్కడో వేడి తగిలింది, లేదా మాత్రలు పాతవి. పాచి రంగులో, మెరుపు లేకుండా పిండిలా ఉంటే సోడా ఎక్కువైంది. బూడిద, ఊదా కలిసిన మురికి రంగైతే మైలుతుత్తంలో ఇనుము ఉంది. నీలం మధ్య తెల్లటి నలుసులు కనపడితే జిప్సం లేదా కరగని ఆస్పిరిన్. కారణం తెలిసింది కాబట్టి రెండోసారి ఆ ఒక్క మెట్టు సరిచేసుకుంటే చాలు.

ఏం చేసుకోవచ్చు, ఏం చేయకూడదు

తుమ్మజిగురు నీళ్లతో నూరితే బొమ్మలు వేసుకునే రంగుగా పనికొస్తుంది, అవిసె నూనెతో కూడా నూరి చూడండి. నిమ్మరసంలాంటి పులుపు, సున్నంలాంటి క్షారం తగిలితే రంగు మారుతుంది కాబట్టి సున్నం గోడల మీద వాడకండి. పిల్లల బొమ్మలకు, ముగ్గులకు, తినే పాత్రలకు అసలు వద్దు.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కీళ్ల నొప్పులకు రాగి కడియం వేసుకునే అలవాటు మన ఇళ్లలో ఉంది. ఆస్పిరిన్ నొప్పి తగ్గిస్తుందనీ అందరికీ తెలుసు. రెండూ కలిసింది ఇంకా మంచి మందేమో అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. రాగి కలిసిన ఇలాంటి మందుల మీద అమెరికాలో జాన్ సోరెన్సన్ 1970లలో జంతువుల మీద పరిశోధనలు చేసి, వాపు తగ్గించడంలో ఇవి బాగా పనిచేశాయని ప్రచురించాడు. అయినా మీరు ఇంట్లో చేసింది మందు కాదు. అందులో కడిగినా మిగిలిన మైలుతుత్తం ఎంతో, ఇంకేం కలిసిందో కొలిచే దారి మీకు లేదు. నాలుక మీద కూడా పెట్టకండి. సీసా మీద పేరు, తేదీ, విషం అన్న మాట పెద్దగా రాసి, మూత గట్టిగా పెట్టి, పొడి చోట దాచండి. కొన్ని నెలల తర్వాత మూత తీసినప్పుడు వెనిగర్ వాసన వస్తే లోపలికి చెమ్మ చేరిందని అర్థం.

ఇక పక్కన పెట్టిన నీలం నీళ్లు. రాగి చేపలకు, నీళ్లలో బతికే చిన్న ప్రాణులకు చాలా చెడ్డది. సింకులో, కాలవలో, మొక్కల మొదట్లో పోయొద్దు. కడిగిన నీళ్లు కూడా అందులోనే కలిపి, గిన్నెలు తోమే ఇనుప పీచు ఉండ ఒకటి వేసి ఉంచండి. స్టెయిన్‌లెస్ స్టీల్ పీచు పనికిరాదు, తుప్పు పట్టే రకం కావాలి. ఇనుము కరిగి నీళ్లలోకి వెళుతుంది, రాగి ఎర్రటి పొడిగా పీచు మీద దిగుతుంది. ఒకటి రెండు రోజుల్లో నీలం పోతుంది. నీళ్లు గోధుమ రంగుకో ఊదాకో తిరిగితే కంగారుపడకండి, కరిగిన ఇనుము మిగిలిన శాలిసిలేట్‌తో కలిసిన రంగు అది. నీలం పూర్తిగా పోయిందని నమ్మకం కుదిరాక చాకలి సోడా కొంచెం వేసి, దిగిన మడ్డిని వడకట్టి, తేటను బాగా నీళ్లు కలిపి వదిలేయొచ్చు. ఎర్రటి రాగి పొడిని, మడ్డిని ఆరబెట్టి, పేరు రాసిన ప్లాస్టిక్ డబ్బాలో వేసుకుని, దగ్గర్లోని కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో వ్యర్థాల డబ్బా ఉంటే వాళ్లను అడిగి అక్కడ ఇవ్వండి.